తొలి సంతకం తర్వాత

2024 నవంబరులో ఆత్మకూరుకు దగ్గర్లోనే ఒక ఊళ్లో మీటింగు పెట్టుకున్నాం. విషయం బెల్టు షాపు. అప్పటికి నెల కిందట కొత్త మద్యం విధానం వచ్చింది. ప్రైవేటు షాపులు మళ్లీ తెరిచారు, 99 రూపాయలకే క్వార్టర్ దొరుకుతోంది. ఆ సీసాలు మండల కేంద్రం నుంచి మోటారు సైకిల్ మీద వచ్చి ఊరి చివర చిల్లర కొట్లో రాత్రి పదకొండు దాకా అమ్ముడవుతున్నాయి. రామాలయం అరుగు మీద చాప పరిచి కూర్చున్నాం. ముప్పై మంది వస్తారనుకుంటే తొమ్మిది మంది వచ్చారు. నేను మాట్లాడటం మొదలుపెట్టి అయిదు నిమిషాలు కాకముందే ఒక అమ్మాయి, పాతికేళ్లు ఉంటాయేమో, చంకలో బిడ్డతో లేచి నిలబడి అడిగింది: “అక్కా, ఇదంతా సరే. దీనివల్ల ఏమొస్తుంది? ఎప్పటికి పడతాయి?”

‘పడటం’ అనే మాటకు ఈమధ్య మన ఊళ్లలో ఒకే అర్థం మిగిలింది. బ్యాంకు ఖాతాలో డబ్బులు పడటం. “పడ్డాయా?” “మీకు పడ్డాయంటనే, మాకింకా పళ్లేదు.” వాన పడిందా అని అడగడం కంటే ఈ మాటే ఎక్కువ వినిపిస్తోంది, ఇది మెట్ట ప్రాంతం అయినా సరే.

ఇది డబ్బుల మీటింగు కాదమ్మా అన్నాను. “మరి ఎందుకక్కా పిలిచింది? పొగాకు గ్రేడింగు పని వదులుకొని వచ్చినాం” అని ఆ అమ్మాయి కూర్చోలేదు, వెళ్లిపోయింది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు. మిగిలిన ఆరుగురిలో నలుగురు ముసలివాళ్లు. వాళ్లు నా కోసం కూర్చున్నారు, విషయం కోసం కాదు.

నాకు కోపం వచ్చింది. ఆ కోపాన్ని తిరుగు బస్సులో నాతోపాటు తెచ్చుకున్నాను. ఈ ఆడవాళ్లను పాడు చేశారు, అన్నీ వెంటనే కావాలి, అన్నీ ఇంటికే రావాలి, పోరాటం అంటే ఏమిటో తెలియకుండా పోయింది అని పక్క సీట్లో ఉన్న మా కార్యకర్తతో అంటూ వచ్చాను. సంగం దాటాక నా మాటలు నాకే వినపడ్డాయి. అవి నేను ఎక్కడో విన్న మాటలు. పట్నంలో ఏసీ గదుల్లో కూర్చుని “ఉచితాలతో జనం సోమరులైపోయారు” అనే పెద్దమనుషుల మాటలు. ముప్పై ఏళ్లు ఊళ్లలో తిరిగిన నేను ఆ మాటలు ఎక్కడ నేర్చుకున్నాను?

అప్పటినుంచి ఈ సంగతి నన్ను వదలలేదు. అందుకే ఈ వ్యాసం.

నేను ఈ పనిలోకి 1991లో వచ్చాను, అక్షరదీపం వాలంటీరుగా. వాలంటీరు అనే మాట వినగానే ఇప్పటివాళ్లకు ఇంటింటికీ పింఛను తెచ్చిచ్చే మనిషి గుర్తొస్తాడు. 2019 ఆగస్టులో మొదలైన ఆ వ్యవస్థలో యాభై ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 గౌరవ వేతనం. మాకు వేతనం లేదు, గౌరవం కూడా మొదట్లో లేదు. రాత్రి ఎనిమిదికి ఆడవాళ్లు వంట ముగించుకుని, పిల్లల్ని పడుకోబెట్టి, లాంతరు కింద పలకలు పట్టుకుని కూర్చునేవాళ్లు. ఒక్కొక్కరికి పేరు రాయడం రావడానికి నెలలు పట్టింది. కలుపు తీసి వచ్చిన వేళ్లు బలపం మీద వంగేవి కావు. నలభై మందితో మొదలైన బడి మూడో నెలకు పన్నెండు మందికి పడిపోయింది. కేంద్రం మూసేద్దామని ఒకరిద్దరు సలహా ఇచ్చారు కూడా.

ఆ చదువు పుస్తకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. ఊరి సారా కొట్టు మీద ఆడవాళ్లు కదిలిన కథ. ఆ పాఠం చదివిన రోజు మా బడిలో ఎవరూ అక్షరాలు దిద్దలేదు. ఎవరి మొగుడు ఎంత తాగుతాడో, ఎన్ని గిన్నెలు అమ్ముకున్నాడో చెప్పుకోవడంతోనే తెల్లవారింది. ఆ తెల్లవారుజామున కూడా మేం సారా కొట్టు మీదికి పోలేదు. ఆ తర్వాత ఎన్నో రాత్రులు అవే మాటలు మళ్లీ మళ్లీ చెప్పుకున్నాక గాని పోలేదు.

దూబగుంట సంగతి ఈ పత్రిక చదివేవాళ్లకు కొత్త కాదు. కలిగిరి మండలంలోని ఆ ఊళ్లో, తాగి చెరువులో పడి మనుషులు చనిపోయాక, రోశమ్మ, తోటి ఆడవాళ్లు కలిసి సారాను ఊళ్లోకి రానివ్వకుండా అడ్డుకున్నారు. అదే మళ్లీ ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై పుస్తకంలోకి ఎక్కింది. పుస్తకంలో సీతమ్మను చదివి దూబగుంట కదిలితే, దూబగుంటను చదివి మిగతా ఊళ్లు కదిలాయి. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. రోడ్ల నిండా ఆడవాళ్లు బైఠాయిస్తే పాట పాడేవాళ్లు లోపలికి పోలేకపోయారు. ప్రభుత్వానికి అప్పటికి ఎక్సైజు మీద ఏటా వచ్చే ఆదాయం ఎనిమిది వందల కోట్ల పైమాటే. ఆ డబ్బు వదులుకోవడానికి ఎవరు ఒప్పుకుంటారు? అయినా 1993 ఏప్రిల్లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

దూబగుంట కదలిక నుంచి లెక్కపెట్టుకుంటే రెండేళ్లు. అంతకుముందు లాంతరు కింద గడిచిన రాత్రుల లెక్క వేరు.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే ఇది పాత కార్యకర్త గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది. అసలు కథ ఆ తర్వాతిది, అందులో మా తప్పు కూడా ఉంది.

1994 డిసెంబరు 12న ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వేదిక మీదే సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం చేశారు. మా ఊళ్లో ఒకే ఒక్క ఇంట్లో టీవీ ఉండేది. ఆ ఇంటి ముందు పసుపు నీళ్లు చల్లుకున్నాం. ఒకావిడ నా మెడ పట్టుకుని ఏడ్చింది. 1995 జనవరి 16 నుంచి నిషేధం అమల్లోకి వచ్చింది. ఆ సంతకం మేం పోరాడి తెచ్చుకున్నదే, కాదనను. కానీ సంతకం పడ్డ రోజు నుంచి మా కమిటీలు కూర్చోవడం మానేశాయి. ఎందుకు కూర్చోవాలి? అయిపోయింది కదా! పక్క రాష్ట్రాల నుంచి సరుకు రావడం మొదలైనప్పుడు, తోటల్లో నాటుసారా బట్టీలు లేచినప్పుడు అది పోలీసుల పని అనుకున్నాం. 1997లో నిషేధం ఎత్తేసినప్పుడు మళ్లీ ఊళ్లకు పరుగెత్తాం. “అప్పుడు సంతకం పెట్టిండ్లా? ఇప్పుడు చెరిపేసినారు. వాళ్ల కలం, వాళ్ల ఇష్టం” అంది ఒక పెద్దమ్మ. ఏ మాటా తోచక తిరిగొచ్చాను.

ఆమె చెప్పింది కరెక్టు. ఒక చేత్తో క్షణంలో వచ్చింది, అదే కుర్చీ నుంచి రెండేళ్లకు పోయింది. ఊళ్లో మేం రెండేళ్లు తలుపు తలుపు తట్టి తెచ్చుకున్న సారా నిషేధం మాత్రం కాగితం మీద ఇప్పటికీ నిలిచే ఉంది. ఏ ప్రభుత్వమూ సారా ప్యాకెట్ మళ్లీ తీసుకురాలేదు. అయితే దీన్ని మరీ గొప్పగా చెప్పుకోకూడదు. సారా పోయిన చోట చీప్ లిక్కరు వచ్చి కూర్చుంది. ఖజానాకు ఒక చెయ్యి పోతే రెండో చెయ్యి వచ్చింది.

ఆ తర్వాత తొలి సంతకం అనేది మన రాజకీయాల్లో ఒక పండుగ అయింది. 2004 మేలో వైఎస్ రాజశేఖర రెడ్డి తొలి సంతకం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు. 2014 జూన్‌లో చంద్రబాబు నాయుడు సంతకాల వరుసలో రైతు రుణమాఫీ, బెల్టు షాపుల రద్దు, రెండు రూపాయలకు ఇరవై లీటర్ల నీళ్లు. 2019 మేలో జగన్మోహన్ రెడ్డి తొలి సంతకం పింఛను పెంపు. 2024 జూన్‌లో మళ్లీ చంద్రబాబు నాయుడు, ఈసారి మెగా డీఎస్సీ, 16,347 టీచరు పోస్టులు. వీటిలో ఏదీ పనికిమాలినది కాదు. కొన్ని మనం అడిగినవే. కానీ ఒక్కటి గమనించండి. బెల్టు షాపుల రద్దు 2014 జూన్‌లో సంతకమైన విషయం. నేను దాని గురించి మీటింగు పెట్టింది 2024 నవంబరులో! పదేళ్ల కిందట ఒక కలం గీతతో పోయిన షాపు మా రామాలయం వెనకే ఉంది.

సంతకానికి ఒక గుణం ఉంది. అది చూడటానికి బాగుంటుంది, కెమెరాకు అందుతుంది. తర్వాత జరగాల్సిన పని కెమెరాకు అందదు. ఎక్సైజు కానిస్టేబులు నెలకోసారి వచ్చి చూడటం, సర్పంచి నోరు తెరవడం, కేసు పెట్టడం, పెట్టిన కేసు నిలబడటం, ఇవన్నీ ఎవరూ టీవీలో చూపించరు. మనమూ అడగం. వచ్చే ఎన్నికల్లో కొత్త సంతకం ఏమిటా అని చూస్తాం.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిపారు. దానికి రికార్డు కూడా ఇచ్చారు. గ్రామసభకు రికార్డు ఏమిటో నాకు అర్థం కాలేదు. గ్రామసభ అంటే జనం నెమ్మదిగా, విసుగ్గా, పోట్లాడుకుంటూ మాట్లాడుకునే చోటు కదా.

ఇప్పుడు నా కోపం సంగతికి వస్తాను. ఓపిక పట్టండి అని ఆడవాళ్లకు చెప్పే అర్హత ఎవరికుంది? ఓర్పులో ధరిత్రి అని మన నోట్లో పోసినవాళ్లకు లేదు. ఓపిక పట్టు, వాడే మారతాడు అని తన్నులు తిన్న కూతురిని తిరిగి అత్తారింటికి పంపిన మన అమ్మలకు లేదు. చట్టసభల్లో మూడోవంతు సీట్లకు 1996లో బిల్లు పెట్టి, 2023 సెప్టెంబరులో చట్టం చేసి, దాన్ని కూడా జనాభా లెక్కలు, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అని ముడిపెట్టిన పార్లమెంటుకు అసలే లేదు. ఇరవై ఏడేళ్లు ఆగాక ఇంకా ఆగమన్నారు. పేదవాళ్లకు, ఆడవాళ్లకు ఆలస్యం ఎప్పుడూ అలవాటుగానే ఉంది. తహసీల్దారు ఆఫీసు మెట్ల మీద, రేషను షాపు ముందు, కోర్టు వరండాలో వాళ్ల జీవితాలు కరిగిపోతుంటాయి.

నాకు తెలిసిన ఒక ఒంటరి ముసలమ్మ ఉంది. ప్రతి నెలా ఒకటో తేదీ పొద్దున పింఛను చేతికొస్తుంది. 2024 జూలై నుంచి అది 4,000. ఆ ఒకటో తేదీ కోసం ఆమె ఎదురు చూడటాన్ని తక్షణ సుఖాల మోజు అని ఎవరైనా అంటే నేను ఊరుకోను. ఆమె ముప్పయ్యో తేదీనే బియ్యం డబ్బా తడుముకుంటుంది. 2024 ఏప్రిల్‌లో ఎన్నికల నియమాల వల్ల వాలంటీర్లు ఆగిపోయి, ముసలివాళ్లు ఎండలో సచివాలయాల చుట్టూ తిరగాల్సి వచ్చినప్పుడు చూశాం, కొన్ని రోజుల ఆలస్యం ఎంత పని చేస్తుందో. ఆకలికి వేగం హక్కు. దాన్ని అడిగేవాళ్లను అవమానించే హక్కు ఎవరికీ లేదు.

అలాగే అన్ని పథకాలూ మనల్ని విడగొడతాయని కూడా అనను. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక మా ఆత్మకూరు మీటింగులకు ఉదయగిరి వైపు నుంచి కూడా మనుషులు వస్తున్నారు. ఇదివరకు ఛార్జీలు మేమే ఇవ్వాల్సి వచ్చేది. ఇప్పుడు ఎవరి మొగుణ్నీ వాళ్లు బస్సు డబ్బులు అడగనక్కర్లేదు. అదొక్కటీ చిన్న విషయం కాదు.

మరి చిక్కు ఎక్కడ వస్తోంది? నాకు తోచింది చెప్తాను. పొదుపు సంఘాల కథ అందుకు మంచి సాక్ష్యం.

సారా ఉద్యమం తర్వాత 1993లో నెల్లూరు జిల్లాలో పొదుపులక్ష్మి మొదలైంది. రోజుకు ఒక రూపాయి. సారాకు పోయే డబ్బులోంచి రూపాయి పక్కన పెట్టడం. నెలకు ముప్పై రూపాయలు. ఆ రూపాయి తేవడానికి ఒకావిడ గుడ్డు అమ్మేది, ఇంకొకావిడ పిడకలు అమ్మేది. మొదటి అప్పు ఇవ్వడానికి నెలల తరబడి కూర్చుని మాట్లాడుకున్నాం. ఎవరికి ముందు? ఎందుకు? కట్టలేకపోతే? ఆ మాటల్లో జరిగిందంతా చదువే. బ్యాంకు మేనేజరు ముందు కుర్చీలో కూర్చోవడం ఎలాగో, అప్పుల పుస్తకంలో తప్పు లెక్క పట్టుకోవడం ఎలాగో మా ఆడవాళ్లకు ఆ రూపాయే నేర్పింది.

తర్వాత డబ్బు వేగంగా రావడం మొదలైంది. మొదట మైక్రోఫైనాన్సు కంపెనీలు. గడప ముందుకే వచ్చి అప్పు ఇస్తాయి, వారం వారం వసూలు చేస్తాయి. సంఘంలో మూడు నెలలు కూర్చుంటే వచ్చే అప్పు అక్కడ మూడు రోజుల్లో వచ్చేది. ఆ కథ ఆత్మహత్యల దాకా పోయి 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఇప్పుడు అదే ఫోనులోకి వచ్చింది, అయిదు నిమిషాల్లో అప్పు. కట్టకపోతే ఫోటోలు మార్చి చుట్టాలకు పంపుతారు.

రెండోది 2014 ఎన్నికలు. డ్వాక్రా రుణాలు మాఫీ చేస్తామన్నారు. మా సంఘాల్లో కట్టడం ఆపేశారు. “ఎట్లా మాఫీ అవుతాయి కదా, ఎందుకు కట్టాలక్కా?” అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. నేను కట్టమంటే నా మీదే అనుమానపడ్డారు, బ్యాంకువాళ్లతో కలిసిందేమోనని. చివరికి మాఫీ అన్నది సభ్యురాలికి పది వేల చొప్పున విడతల పెట్టుబడి నిధిగా మారింది. ఈలోపు వడ్డీ మీద వడ్డీ పడింది. టైముకు కట్టినవాళ్లకే దక్కే వడ్డీ రాయితీ పోయింది. ఇరవై ఏళ్లు రూపాయి రూపాయి పోగేసి బ్యాంకు దగ్గర సంపాదించుకున్న నమ్మకం ఆరు నెలల్లో చెదిరింది. 2019 జనవరిలో పసుపు–కుంకుమ పేరుతో మళ్లీ పది వేలు, మూడు చెక్కులుగా. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆసరా పేరుతో ఆ పాత అప్పుల మొత్తాన్ని నాలుగు విడతలుగా ఇచ్చింది. డబ్బు వచ్చింది, అది నిజం. కానీ మా సంఘం నెలవారీ సమావేశం మళ్లీ ఎప్పటిలాగా జరగలేదు. ఇప్పుడు రిజిస్టరులో వేలిముద్రలు, సంతకాలు అన్నీ ఒకరి ఇంట్లోనే పడిపోతాయి. ఒకప్పుడు పన్నెండు మంది ఆడవాళ్లు కలిసి నిర్ణయించుకునే చోటు అది. ఇప్పుడు పన్నెండు ఖాతా నంబర్లు.

ఆ డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న కూడా ఉంది కదా. దశలవారీ మద్యనిషేధం తెస్తామని 2019లో అధికారంలోకి వచ్చిన ప్రభుత్వమే 2021 నవంబరులో చట్టాన్ని సవరించి, అమ్మ ఒడి, ఆసరా, చేయూత పథకాల అమలు బాధ్యతను మద్యం అమ్మే బెవరేజెస్ కార్పొరేషనుకు అప్పగించింది. ఈ విషయం మనలో ఎంతమందికి తెలుసు? అంటే ఆయన తాగితేనే ఆమె ఖాతాలో పడతాయి. పడ్డ డబ్బులో ఎంత మళ్లీ ఆ కొట్టుకే పోతుందో మనకు తెలుసు. 1992లో మేం వేలంపాట దగ్గర కూర్చున్నప్పుడు ప్రభుత్వం ఆదాయం పోతుందని ఏడ్చేది, ఆడవాళ్లు మా పుస్తెలు పోతున్నాయని ఏడ్చేవాళ్లు. రెండు పక్షాలు వేరు వేరుగా కనబడేవి. ఇప్పుడు ఆ రెండింటినీ ఒకే ముడిలో కట్టారు. సారా పోవాలని అడిగే ఆడదాన్ని, “అయితే నీ డబ్బులు ఆపమంటావా?” అని అడగవచ్చు. అడుగుతున్నారు కూడా.

నిషేధాన్ని తొందరగా, తయారీ లేకుండా చేస్తే ఏమవుతుందో కూడా చూశాం. 2020 మేలో మద్యం ధరలు ఒక్కసారిగా 75 శాతం పెంచారు, తాగడం తగ్గుతుందని. ఆ జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. మానిపించే కేంద్రాలు లేకుండా, కూలి మనిషి ఒళ్లు నొప్పులకు వేరే దారి చూపకుండా ధర పెంచితే జరిగేది అదే. చనిపోయినవాళ్లలో బిచ్చమెత్తుకునేవాళ్లు, కూలీలు ఉన్నారు.

ఇక సంతృప్తి. ఇన్ని పడుతున్నా ఊళ్లో ఎవరి ముఖంలోనూ అది కనపడదు. 2019లో 175 సీట్లలో 151 గెలిచిన పార్టీ, బటను నొక్కి రెండున్నర లక్షల కోట్లకు పైగా నేరుగా ఖాతాల్లో వేశామని చెప్పుకున్న పార్టీ, 2024లో 11 సీట్లకు వచ్చింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి, నేను రాజకీయ పండితురాలిని కాను. నాకు కనబడిన కారణం ఒకటి చెప్తాను. పక్కింటామెకు పడి నాకు పడకపోతే వచ్చే బాధ, ఎవరికీ పడనప్పటి బాధ కంటే పెద్దది. కరెంటు బిల్లు మూడు వందల యూనిట్లు దాటిందని ఒకామె పేరు తీసేశారు. అత్తకు వస్తే కోడలికి రాదన్నారు. ఎందుకు రాలేదో చెప్పే మనిషి లేడు, కంప్యూటరు అట్లా చెప్పింది అంటారు. ఇదివరకు పేరు తీసేస్తే నలుగురూ కలిసి పోయి అడిగేవాళ్లు. ఇప్పుడు ఎవరికి వాళ్లు ఫోను పట్టుకుని మీసేవ ముందు నిలబడతారు. నాకు వచ్చింది కాబట్టి నేను మాట్లాడను, నీకు రాలేదు కాబట్టి నీ మాటకు విలువ లేదు. పోయిన ఏడాది ఇచ్చింది ఈ ఏడాది మామూలైపోతుంది. వచ్చే ఏడాది ఇంకా ఎక్కువ ఇచ్చేవాడు కావాలి. ఇచ్చేవాడికీ ఇది తెలుసు కాబట్టి పదేళ్లు పట్టే పని ముట్టుకోడు.

మా ఉదయగిరి మెట్ట ఊళ్లకు మంచినీళ్ల సంగతే చూడండి. 78 టీఎంసీల సోమశిల మా ఆత్మకూరు పక్కనే ఉంది. ఆ నీళ్లు కిందికి, డెల్టాకు పోతాయి. పైన ఫ్లోరైడు నీళ్లు తాగి పళ్లు గారపట్టిన పిల్లలు, నడుములు వంగిన ఆడవాళ్లు. పైపులైను అంటే సర్వేలు, పంపులు, ఏళ్లు. క్యాను నీళ్లంటే ఒక షెడ్డు, ఒక మిషను, రిబ్బను కత్తిరింపు. ప్రతిసారీ క్యానే గెలుస్తుంది. మిషను ఏడాదికి చెడిపోతుంది. ఒక ఊరి ఆడవాళ్లు నీళ్ల కోసం సోమవారం అర్జీ ఇస్తే నాలుగు రోజుల్లో ఫోనుకు మెసేజి వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడింది అని. కుళాయి తిప్పితే గాలి వచ్చింది. సమస్య కంటే అర్జీ ముందు పూర్తికావాలి, ఇప్పుడు ఆఫీసులకు అదే కొలత.

ఆఫీసులను అనడం తేలిక. మన సంగతేమిటి? స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మిత్రులు కోపం తెచ్చుకోకండి. మూడు నెలలకో రిపోర్టు, అందులో ఎంతమంది ‘సాధికారులయ్యారో’ అంకె. పోయినసారి మాకు నిధులిచ్చిన సంస్థ ఒక గడి పంపింది, గృహహింస ఎంత శాతం తగ్గిందో ఆర్నెల్లలో నింపమని. నేను నింపాను. అంకె ఎక్కడి నుంచి తెచ్చానో అడగకండి. ఆ రామాలయం అరుగు మీటింగుకు కూడా నా దగ్గర ఫోటో ఉంది. తొమ్మిది మందిని దగ్గరగా కూర్చోబెట్టి ముప్పై మందిలా కనబడేట్టు తీసింది. ఆ అమ్మాయి లేచి పోకముందే తీశాం. ఎప్పుడు పడతాయి అని ఆమె అడిగితే నాకు తప్పనిపించింది. ఎప్పుడు ఫలితం చూపిస్తారు అని పైనుంచి అడిగితే మాత్రం మర్యాదగా జవాబు రాస్తున్నాను.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. 2024 అక్టోబరులో 3,396 మద్యం షాపులకు లాటరీ తీశారు. దాదాపు 90 వేల దరఖాస్తులు, తిరిగి ఇవ్వని రెండు లక్షల ఫీజు. షాపు తెరవకముందే ప్రభుత్వానికి 1,800 కోట్ల దాకా వచ్చింది. 1992లో వేలంపాటను ఆపిన జిల్లా మాది. ఆ లాటరీ రోజు మా సంస్థ నుంచి ఎవరం నెల్లూరు పోలేదు. ఆ రోజు మాకు ఒక వర్క్‌షాపు ఉంది. దూబగుంట రోశమ్మ 2016లో చనిపోయారు. బతికుంటే ఏమనేవారో తెలియదు గాని, వర్క్‌షాపుకు మాత్రం వచ్చేవారు కాదు.

ఆ ఊరికి మళ్లీ పోయాను. ఈసారి మీటింగు అని చెప్పలేదు, ఫోటో తియ్యలేదు. గ్రేడింగు జరిగే చోటికే పోయి ఆడవాళ్ల పక్కన కూర్చుని ఆకు వేరు చేశాను, నా చేతులకు ఆ పని మరిచిపోయింది, అందరూ నవ్వారు. ఆ అమ్మాయి కూడా ఉంది. మొదట మాట్లాడలేదు. మధ్యాహ్నం సద్ది విప్పుకున్నప్పుడు తనే చెప్పింది. అమ్మ ఒడి డబ్బులు పడ్డ సాయంత్రమే ఆయన ఏటీఎం కార్డు లాక్కున్నాడట. పిన్ను చెప్పకపోతే కొట్టాడట. “అందుకే అడిగినాక్కా ఎప్పుడు పడతాయని. ఈసారి పడేది ముందే తెలిస్తే నేనే ముందు బ్యాంకుకు పోతా.”

నాలుగు నెలలుగా నేను కోపంతో మోస్తున్న ప్రశ్నకు ఆమె దగ్గర ఉన్న అర్థం ఇది.

తర్వాత రెండు వారాలకు ఒకసారి పోతున్నాం. ఒకసారి ఏడుగురు, ఒకసారి నలుగురు, ఒకసారి పదహారు మంది. వాళ్లలో ముగ్గురు కలిసి బ్యాంకుకు పోయి ఏటీఎం కార్డులు రద్దు చేయించుకున్నారు. చిల్లర కొట్టు యజమాని తల్లి కూడా ఒకరోజు వచ్చి మూలన కూర్చుని వెళ్లింది. బెల్టు షాపు ఇంకా నడుస్తూనే ఉంది. అర్జీ రాసే పని ఆ అమ్మాయే తీసుకుంది, పదో తరగతి దాకా చదివింది, దస్తూరీ బాగుంటుంది.

పోయినసారి దూబగుంట సంగతి మొత్తం చెప్పించుకుంది. వినేసి, “మొదలుపెట్టినప్పటి నుంచి సారా ఆగిపోయేదానికి ఎన్నాళ్లు పట్టిందక్కా?” అంది.

రెండేళ్లు అన్నాను.

వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. “మా పెద్దపిల్ల ఇప్పుడు మూడో తరగతి. అయిదుకొచ్చేటప్పటికి అన్నమాట” అని, కిందపెట్టిన ఆకుల కట్ట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.